వేలెడూ బెత్తెడూ

చేపల పరీక్ష ల్యాబులో అతన్ని అందరూ నింపాది అనేవారు. ఎదురుపడితే నింపాదిగారు. ఏ పనైనా ముందు మనసులో ఒకసారి చేసుకుని, తర్వాత చేత్తో చేసి, ఆ తర్వాత సరిచూసుకునే మనిషి. సీసాకి మూత బిగించాక కూడా ఒకసారి తలకిందులు చేసి చూసేవాడు. పక్క బల్లవాళ్ళు రెండు పరీక్షలు ముగించేలోగా అతనిది ఒకటి తెమిలేది. ఆ ఒక్కదాన్ని మళ్ళీ చేయమని పైనుంచి ఏనాడూ మాట రాలేదు గనక, ఆ పేరులో వెక్కిరింత ఎంతో గౌరవమూ అంతే ఉండేది.

సోమవారం పొద్దున్న అతను మెట్లెక్కబోతుంటే వాచ్‌మన్ ఆపాడు.

"మీకోసం ఒకావిడ ఏడింటి నుంచీ కూర్చుంది సార్. మలుగుల రిపోర్టు రాసినాయన్ని చూడాలంటోంది."

బెంచీ చివర, ఇంకో ఇద్దరికి చోటు వదిలి కూర్చుని ఉంది ఆమె. యాభై అయిదేళ్ళుంటాయి. రోజంతా నీళ్ళలో నానే చేతులు కాబోలు, వేళ్ళ కొసలు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. నింపాదిని చూడగానే లేచి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాయితం తీసి చాపింది.

"మీరేనా బాబు, మా చేపలు చూసింది?"

కాయితం మీద సంతకం అతనిదే. షెడ్డులో ఆమె ఏరి సీలు వేసిన పెట్టె నుంచి తెచ్చిన నాలుగు మలుగుల్లో రెండు, మూడు నంబర్లవి అమ్మకానికి పనికిరాని మచ్చల జాతివని శుక్రవారం తను పంపిన రిపోర్టు. దాని కింద షెడ్డు యజమాని పెన్నుతో రాశాడు: ఏరే బల్ల మీద నుంచి ఈమెను తీసేశాం.

మలుగులంటే పాముల్లా పొడుగ్గా ఉండి చేతిలోంచి జారిపోయే చేపలు. అక్కడ దొరికేవి రెండు రకాలు. నున్న మలుగును ఎంతైనా అమ్ముకోవచ్చు. మచ్చల మలుగు నానాటికీ తగ్గిపోతోందని దాన్ని పట్టడమూ అమ్మడమూ ఆపేశారు. పెద్దయ్యాక ఒళ్ళంతా మచ్చలు తేలతాయి గనక అప్పుడు ఎవరైనా పోల్చుకుంటారు. మూరెడు పొడుగున్నప్పుడు మాత్రం రెండూ ఒకే బురద రంగు. వల నుంచి వచ్చినవాటిని బల్ల మీద వేసి, మచ్చల రకాన్ని తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేయడం ఏరేవాళ్ళ పని. సరిగ్గా ఏరారో లేదో చూడ్డం ల్యాబు పని.

"ఆ రెండూ నా వేలి కింద నుంచి పోలేదు బాబు."

"ఇది జన్యు పరీక్షమ్మా" అన్నాడతను ఓపిగ్గా. "చేప రెక్కలోంచి గోరంత ముక్క తీసి, దాని పుట్టుక ఏమిటో చూస్తాం. కళ్ళతో చూసి చెప్పే సంగతి కాదు."

"నేనూ కళ్ళతో చెప్పను. వేలితో చెప్తాను." ఆమె గొంతులో పెంకితనం లేదు. "ఒకసారి వాటిని చూపించండి. నాది తప్పయితే తప్పంటాను, పోతాను."

"బయటివాళ్ళని లోపలికి రానిచ్చే రూలు లేదమ్మా."

ఆమె తలూపి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం అతను కిటికీలోంచి చూసినప్పుడు టిఫిను డబ్బా తెరుచుకుని తింటోంది. తిన్నాక డబ్బా కడిగి, తుడిచి, గుడ్డను నాలుగు మడతలు పెట్టి మూత మీద ఉంచింది. పక్క బల్లాయన భుజం మీదుగా తొంగిచూసి, "నింపాదిగారికి కాపలా పెట్టారే" అన్నాడు. అందరూ నవ్వారు. నింపాదీ నవ్వాడు గానీ ఆ పూట అతనికి ఏ పనీ ముందుకు సాగలేదు. సాయంత్రం గేటు దాటుతుంటే ఆమె లేచి నిలబడింది.

"రేపొస్తాను బాబు" అంది, బల్ల దగ్గర మేస్త్రీతో చెప్పినట్టే.

మంగళవారం సన్నగా తుంపర పడుతోంది. వాచ్‌మన్ తన స్టూలు గుమ్మం లోపలికి లాగి ఆమెను కూర్చోబెట్టాడు. పదకొండింటి దాకా చూసి నింపాది తనే కిందికి వెళ్ళాడు.

"చూసి వెళ్ళిపోతారుగా?"

"వెళ్ళిపోతాను."

పరీక్షకొచ్చిన చేపలను ఆరు నెలలు మంచుపెట్టెలో దాచాలి. వాటికి ముక్క కోసిన రోజున తప్ప మళ్ళీ వాటి మొహం చూసేవాళ్ళు లేరు. నింపాది రెండో నంబరునూ మూడో నంబరునూ తెచ్చి చన్నీళ్ళ ట్రేలో వేశాడు. కర్రల్లా బిగిసిన చేపలు మెత్తబడడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ఆమె గోడవారగా నిలబడే ఉంది. కుర్చీ చూపిస్తే, "నిలబడే పనే కదా బాబు మాది" అంది.

మెత్తబడ్డాక ఆమె చెయ్యి కడుక్కుంది. సబ్బు వద్దంది. రెండో నంబరును వెల్లకిలా తిప్పి, మధ్యవేలు పైన, చెరో పక్క వేలు కింద పెట్టి పట్టుకుంది. చచ్చిన చేప జారిపోదని తెలిసినా ఆ పట్టు చేతికి అలవాటైపోయినట్టుంది. పొట్ట కింద రంధ్రం దగ్గర రెండో చేతి చూపుడువేలు ఆనించి, బొటనవేలితో వీపు మీద రెక్క మొదలయ్యే చోటు వెతికింది. రెండు వేళ్ళూ దాదాపు ఎదురెదురుగా ఆగాయి.

"చూడండి. వేలెడు కూడా లేదు. కింద రంధ్రం ఎక్కడో పైన రెక్క అక్కడే మొదలైంది. ఇది నున్నది." మూడో నంబరు తీసింది. "ఇదీ అంతే. మచ్చలదైతే రెక్క చాలా ముందే మొదలవుతుంది. బెత్తెడు పడుతుంది." నాలుగు వేళ్ళూ దగ్గరగా చేర్చి చూపించింది. "షెడ్డులో నన్ను బెత్తెడత్త అనే పిలుస్తారు. పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అదే పేరు."

నింపాదికి ఈ లక్షణం తెలియకపోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అతనే ఎన్నో చేపలను ఇలా కొలిచాడు. రిపోర్టులో దానికో గడి కూడా ఉంది: ఆకార లక్షణాలు. యంత్రం వచ్చాక ఆ గడిలో 'జన్యు పరీక్ష ప్రకారం' అని రాసేయడం అందరికీ అలవాటైంది. ఈ నాలుగు చేపలకూ అతను రాసింది అదే.

స్కేలు తెచ్చి కొలిచాడు. రెండో నంబరుకు నాలుగు మిల్లీమీటర్లు. మూడోదానికి అయిదు. స్కేలు తుడిచి మళ్ళీ కొలిచాడు.

"కొద్దిసేపు ఉండండమ్మా" అని మంచుపెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఈ చేపలు వచ్చిన రోజే కాలవ అవతలి షెడ్డు నుంచి కూడా నాలుగు వచ్చాయి. వాటికి అయిదు నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసి, ఈమె చేపలతో కలిపే పరీక్ష చేశాడు. మిగిలిన ఆరూ తెచ్చి, నీళ్ళలో ఉంచి, మెత్తబడ్డాక ఎనిమిదింటినీ కలగలిపి, నంబరు చీటీలు కిందివైపు ఉండేలా బల్ల మీద పరిచాడు.

"ఏరండి."

ఆమె ఒక్కోదాని మీద వేళ్ళు ఆనించి, ఒక శ్వాస తీసినంత సేపు ఆగి, తర్వాతదానికి వెళ్ళింది. రెండు చేపల్ని తీసి పక్కన పెట్టింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

నింపాది ఆ రెండింటి చీటీలు తిప్పాడు. ఆరు. ఏడు.

రెండూ మూడూ కావలసిన చోట ఆరూ ఏడూ. ఎటునుంచి లెక్కపెడితే రెండోది ఏడోదవుతుందో, మూడోది ఆరోదవుతుందో అతనికి అప్పుడే తట్టింది.

"రేపటికల్లా కబురు చేస్తానమ్మా. మీరు మళ్ళీ ఇక్కడిదాకా రానక్కర్లేదు."

"మరి నాదేనా బాబు, తప్పు?"

"మీది కాదనుకుంటాను. ఖాయంగా రేపు చెప్తాను."

ఆమె వెళ్ళాక పరీక్షకు వాడి అవతల పెట్టిన పట్టీలున్న డబ్బా తీశాడు. పరీక్ష గొట్టాలు బుల్లివి, ఎనిమిదేసి ఒకే వరుసగా అతికి ఉంటాయి. వాటి మూతలూ ఎనిమిది కలిసి ఒకే పట్టీ. ఒకటో నంబరు ఎటువైపో తెలియడానికి మూత మీద ఒక నల్ల చుక్క, గొట్టం అంచున ఒక నల్ల చుక్క పెట్టడం నింపాది పద్ధతి. ఈ ఎనిమిదింటికీ పరీక్ష చేసిన గురువారం నాటి పట్టీని వెలుగుకెత్తి చూశాడు. మూత మీద చుక్క కుడి కొసన ఉంది. గొట్టం మీది చుక్క ఎడమ కొసన ఉంది.

మూత తిరగబడింది. తర్వాతి పనంతా అతను మూత మీది చుక్క చూసే చేశాడు. ఒకటోది ఎనిమిదోదైంది, రెండోది ఏడోదైంది. సరిచూసుకోవడానికి పెట్టే, జాతి ముందే తెలిసిన నమూనాలు వేరే పట్టీలో ఉండడంతో అక్కడ ఏ తేడా కనబడలేదు.

దాచి ఉంచిన నమూనాలతో మళ్ళీ మొదటి నుంచి చేసి చూశాడు. సాయంత్రానికి జాతి తెలిపే గీతలు తేలాయి. ఆరూ ఏడూ మచ్చలవి. మిగిలినవన్నీ నున్నవి. బెత్తెడత్త నిమిషంలో చెప్పినదాన్ని చెప్పడానికి యంత్రానికి నాలుగు గంటలు పట్టింది.

బుధవారం పొద్దున్న ఇంట్లో అతను కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయి కూర్చున్నాడు. భార్య స్కూలుకు వెళ్ళే తొందరలో జడ వేసుకుంటూ, "ఏమైందండీ, గ్లాసుకి కాపలా కాస్తున్నారా?" అంది. జరిగింది చెప్పాడు. వంటగది గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు చెయ్యి ఆపింది.

"గురువారమంటే నేను బస్సు దిగిన రోజేనా అల్లుడుగారూ?"

"అవునండీ."

ఆ రోజు ల్యాబులో గొట్టాల మూతలు తెరిచి ఉండగానే ఫోను మోగింది. బస్సు గంట ముందే వచ్చేసిందని, పెద్దావిడ ఒక్కతే సామానుతో స్టాండులో నిలబడి ఉందని భార్య ఫోను. మూత నొక్కి, పట్టీని యంత్రంలో పెట్టి పరిగెత్తాడు. పాతికేళ్ళలో తొందరపడింది ఆ ఒక్క రోజు.

"నేను అక్కడే కూర్చునేదాన్ని కదయ్యా, గంటసేపు" అంది అత్తగారు. ఆవిడ ఈసారి అల్లుడుగారూ అనడం మరిచిపోయింది.

"మీదేం లేదండీ. ఫోను మోగితే మూత అక్కడ పెట్టి ఫోను ఎత్తాలి. అంతే."

భార్య జడ కొస ముడేసి, "ఆవిడకి మీరే వెళ్ళి చెప్పండి. ఉత్తరం పంపి ఊరుకోకండి" అంది. చెప్పులు వేసుకుంటూ, "పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు నేను ఎన్నిసార్లు తప్పేశానో. వాడు లేచి అడిగితే తెలిసేది. అడగనివాడి సంగతి దేవుడికెరుక" అని వెళ్ళిపోయింది.

ల్యాబులో పెద్దసారు అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు. ల్యాబు పరువు తన ఇంటి పరువులా చూసుకునే మనిషి.

"రెండో పరీక్షలో ఫలితం మారింది, సవరించి పంపుతున్నాం, అని రాసెయ్. ఎందుకు మారిందో ఎవడడుగుతాడు?"

"ఆమె అడుగుతుంది సార్."

"నమూనా సరిగా లేదని చెప్పు."

"నమూనా బాగానే ఉంది సార్. మూత తిరగేసి పెట్టాను. అదే రాస్తాను."

"అలా రాస్తే నువ్వు ఇన్నాళ్ళూ చేసినవన్నీ తవ్వుతారు."

"నేనూ పొద్దున్నుంచీ అదే పని మీదున్నాను సార్. డబ్బాలో నలభై మూడు పట్టీలున్నాయి. చుక్కలు సరిగ్గా ఉన్నాయి. ఇది తప్ప."

పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నింపాది రాసి తెచ్చిన రెండు ఉత్తరాల మీదా సంతకం పెట్టాడు. ఒకటి బెత్తెడత్త షెడ్డుకి. రెండోది కాలవ అవతలి షెడ్డుకి. "రెండూ నువ్వే పట్టుకెళ్ళు" అన్నాడు. శిక్ష వేశాడో, సాయం చేశాడో నింపాదికి అర్థం కాలేదు.

షెడ్డులో పొడవాటి రేకు బల్లకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మంచునీళ్ళ తొట్టిలో వేస్తే మలుగులు మందగించి చేతికి దొరుకుతాయి. ఆ తొట్టిలోంచి ఒక్కోటీ తీసి వేళ్ళతో తడిమి చూస్తున్నారు. అయినా మధ్యలో ఒకటి మెలికలు తిరిగి నేల మీద పడుతోంది, ఎవరో ఒకరు గోనెపట్టాతో పట్టి మళ్ళీ వేస్తున్నారు. యజమాని నింపాదిని తన గదిలోకి రమ్మన్నాడు.

"ఇక్కడే చెప్తానండీ. ఆమెని పంపించింది ఇక్కడి నుంచే కదా. ఒకసారి పిలిపిస్తారా?"

ఆమె ఇల్లు వెనక సందులోనే. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్లకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ఆ బల్ల ఇప్పుడు తనది కాదన్నట్టు. ఎవరో కొళాయి కట్టేశారు.

నింపాది ఉత్తరం చదవలేదు. జేబులోంచి ఆ గొట్టాల పట్టీ తీసి, చుక్కలు రెండూ చూపించి, ఏం జరిగిందో మామూలు మాటల్లో చెప్పాడు. "పొరపాటు నాది. ఆమెది కాదు. చేపల్ని ఒకసారి కొలిచి ఉంటే ఆ రోజే బయటపడేది. నేను కొలవలేదు."

బల్ల చివరనున్న చిన్నావిడ తల దించుకుని, "మేమూ అనుకున్నాం అత్తా, నీకు వేళ్ళు మొద్దుబారాయేమోనని" అంది.

"నేను మాత్రం అనుకోలేదా?" అంది బెత్తెడత్త. "ఇన్ని రోజులూ ఈ వేళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాను."

యజమాని గొంతు సవరించుకుని, రేపటి నుంచి రమ్మన్నాడు. "రేపెందుకు, ఇప్పుడొచ్చాను కదా" అని ఆమె గోడకున్న రబ్బరు గుడ్డ తీసి నడుముకు కట్టుకుంది. నింపాది వైపు తిరిగి, "మంచిపని చేశారు బాబు, వచ్చి చెప్పి" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. అతను ఏవేవో మాటలు పడడానికి సిద్ధపడి వచ్చాడు. ఆ మాటలు రాకపోయేసరికి ఎటు కదలాలో తెలియలేదు.

తొట్టిలోంచి మొదటి చేప తీస్తూ ఆమె అడిగింది.

"అయితే ఆ రెండు మచ్చలవీ ఎవరివి?"

"కాలవ అవతలి షెడ్డువమ్మా."

"అక్కడ ఏరేదెవరు?"

"తెలీదు."

"ఆ మనిషికి చూపించారా?"

నింపాది చెయ్యి సంచీ మీదికి పోయింది. రెండో ఉత్తరం అందులోనే ఉంది. ఇక్కడి నుంచి తిన్నగా వెళ్ళి అక్కడి యజమాని చేతిలో పెడదామనుకున్నాడు. పెడితే ఏమవుతుందో అతను ఇప్పుడే ఈ షెడ్డులో చూశాడు.

"లేదు" అన్నాడు.

ఆమె చేపను నున్నవాటి తొట్టిలోకి విసిరి ఇంకోటి తీసింది.

"ఆ మనిషిని రేపు పొద్దున్న ల్యాబుకి పిలుస్తాను. మీరు కూడా రాగలరా?" అన్నాడతను.

"నాతో ఏం పని బాబు?"

"కొలిచి చూపిస్తే నా మాట నమ్ముతారో లేదో. మీరైతే ఆ పని చేసేవాళ్ళు."

కాలవ వంతెన దాటి వెళ్ళాడు గానీ ఉత్తరం సంచీలోంచి తీయలేదు. ఆ పెట్టె ఏరినవాళ్ళను రేపు పొద్దున్న ఒకసారి ల్యాబుకి పంపండి, చేపలు చూసుకోవాలి, చూశాకే రిపోర్టు ఇస్తాం, అని చెప్పి వచ్చేశాడు.

గురువారం తొమ్మిదింటికి వచ్చినాయనకి అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, లావుపాటి కళ్ళద్దాలు. బెత్తెడత్త అప్పటికే వచ్చి మూల స్టూలు మీద కూర్చుని ఉంది. ఒకే నీళ్ళ మీద బతికే వాళ్ళు గనక ఇద్దరూ మొహం ఎరిగినవాళ్ళే. తలలూపుకున్నారు.

నింపాది ఆరో నంబరునూ ఏడో నంబరునూ ట్రేలో పెట్టి ముందుకు జరిపాడు. ఆయన ఒకదాన్ని తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా తెచ్చి చూశాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి పైనుంచి చూశాడు.

"నున్నవే కదండీ."

నింపాది స్కేలు పెట్టాడు. ఆయన వంగి అంకెలు చదవబోయి, చదవలేక, "ఎంతంటారు?" అన్నాడు.

"ఆరున్నర సెంటీమీటర్లండీ."

ఆయన చేపను మెల్లగా ట్రేలో పెట్టాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచాక వెంటనే పెట్టుకోలేదు.

"ఆర్నెల్లుగా దగ్గరివి ఆనట్లేదండీ. చెబితే వద్దంటారని చెప్పలేదు. పొడుగూ వాటమూ చూసి అంచనా మీద వేసేస్తున్నాను. ఇవి నేను వేసినవే. మా షెడ్డులో ఇంకెవర్నీ అడక్కండి."

నింపాది రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. ఆకార లక్షణాల గడిలో కొలత రాశాడు. ఆరు, ఏడు నంబర్లు మచ్చలవని రాశాడు. అది నిజం, రాయక తప్పదు. దాని కింద, ఏరినవారు స్వయంగా వచ్చి చూసి ఒప్పుకున్నారని రాశాడు. తర్వాత ఇంకేం రాయాలో తోచక పెన్ను పట్టుకుని ఉండిపోయాడు.

స్టూలు కిర్రుమంది. బెత్తెడత్త లేచి ట్రే దగ్గరికి వచ్చింది.

"ఆ కళ్ళద్దాలు జేబులో పెట్టుకో అన్నయ్యా."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"పెట్టుకో. నీకు ఎవరు చెప్పారు దీన్ని కళ్ళతో చూడమని?" ఆయన కుడిచెయ్యి పట్టుకుని చేప పొట్ట కిందికి తీసుకెళ్ళింది. "ఇదిగో, కింద రంధ్రం. ఇక్కడ చూపుడువేలు ఆనించి ఉంచు. కదపకు. ఇప్పుడు బొటనవేలితో వీపు మీద పాకుతూ పో. రెక్క తగులుతున్నంతసేపు తల వైపు పో. నున్నగా తగలగానే ఆగు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు మెల్లగా తల వైపు పాకింది. చూపుడువేలికి బాగా దూరం పోయి ఆగింది.

"ఇక్కడ."

"మధ్యలో ఎన్ని వేళ్ళు పడతాయి?"

రెండో చెయ్యి తెచ్చి పెట్టి చూసుకున్నాడు. "నాలుగు. బెత్తెడు."

"తీసెయ్ దాన్ని. ఇప్పుడిది."

నింపాది పెన్ను కింద పెట్టి లేచాడు. మంచుపెట్టెలోంచి మిగిలిన చేపలు తెచ్చి నీళ్ళలో వేసి, మెత్తబడే దాకా ముగ్గురూ నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డారు. తర్వాత అతను చేపలు కలగలిపి ఒక్కోటీ అందిస్తుంటే, ఆయన కళ్ళు మూసుకుని చెప్పడం, ఆమె ఊఁ అనడం. అయిదోదాని దగ్గర ఆయన తడబడ్డాడు. ఆయన మళ్ళీ మొదటి నుంచి వేలు జరిపి, నున్నదన్నాడు. నింపాది చీటీ తిప్పి చూసి తలూపాడు.

ఎనిమిదీ అయ్యాయి. ఎనిమిదీ సరిగ్గా చెప్పాడు. ఆయన కళ్ళు తెరిచి తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"ఇంత తేలికా?"

"ఇవి కదలట్లేదు గనక తేలిక అన్నయ్యా" అంది బెత్తెడత్త, కొళాయి కింద చేతులు కడుక్కుంటూ. "బతికున్నవాటితో నాకు మూడేళ్ళు పట్టింది."